తిమింగలాల లాంచీకి రెండు పేర్లు

బొగ్గుపొడిలో గంజి ఎక్కువ పడింది. ఉండ చేతిలో నిలవడం లేదు, పీట మీద పెడితే పేడకడిలా పరుచుకుంటోంది, ఇంకో దోసెడు పొడి కలపాలి, చారెడు మట్టి కూడా, లేకపోతే ఎండాక పగిలి పొయ్యిలో పొడిపొడిగా రాలిపోతుంది, సెగ అందదు, అత్త అంటుంది, గుల్ ఉండ చుట్టడం కూడా రాని పిల్లని తెచ్చుకున్నామని, నవ్వుతూనే అంటుంది, అయినా అంటుంది. మోచేతుల దాకా నలుపు. ఈ నల్లటి చేతులతో ఉన్నంతసేపూ నన్నెవరూ ఏ పనికీ పిలవరు, నీళ్ళు అందించమనరు, తలుపు తీయమనరు, అందుకే పొద్దున్నే అయిపోయే పనిని ఈ వేళ ఇంత ఎండెక్కేదాకా లాగుతున్నాను. ముందు గదిలో మా ఆయన సైకిలుకు గాలి కొడుతున్నాడు, పంపు బుసబుసలు పెరటి దాకా వినిపిస్తున్నాయి. ఈ వారం బి షిఫ్టు. మామూలుగా అయితే తిని, కాసేపు నడుం వాల్చి, ఫ్యాక్టరీ భోంపూ కూశాక బయల్దేరతాడు, ఫ్యాక్టరీ గేటు మా క్వార్టర్ల లైనుకి దగ్గరే. ఈ వేళ మాత్రం తిన్న వెంటనే లేవాలి. ముందు సాక్చి వెళ్ళి, తెలుగు సంఘం గదిలో సోమేశ్వరరావు గారికి పేర్లు చెప్పి, అక్కణ్ణించి డ్యూటీకి వెనక్కి రావాలి. పేర్లు చెప్పడానికి ఈ వేళే ఆఖరు. పొద్దున్న కుళాయి దగ్గర బిందె నిండుతుంటే పక్కకొచ్చి నిలబడి అడిగాడు, "తిమింగలాల లాంచీకి ఇద్దరి పేర్లూ రాయించీనా?" అని. బిందె పొర్లిపోతోంది. "తిన్నాక సెప్తాను" అన్నాను. అంతకంటే ఏమనగలను, నాకు నెల తప్పిందని ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఓడ టిక్కెట్లు కొనడం ఎప్పుడో అయిపోయింది. అప్పటికి నాలో ఏమీ లేదు. ఫ్యాక్టరీలో కొన్నేళ్ళకోసారి ఇచ్చే సెలవు ప్రయాణానికి అందరూ తిరుపతికో, పూరీకో, ఊరికో వెళ్తారు. ఈసారి తెలుగువాళ్ళమంతా కలిసి కలకత్తాలో ఓడెక్కి అండమాన్ చూసొద్దామని సంఘం సెక్రటరీ సోమేశ్వరరావు గారు అన్నారు. ఆయన పెద్ద ఇంజనీరు, నిదానంగా, రాసుకున్న మాట చదువుతున్నట్టు మాట్లాడతారు. మా లైన్లకు వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా, ఓడ బొమ్మ అందరికీ తిప్పి చూపించారు. తెల్లగా, వరసగా కిటికీలతో, మేడ ఒకటి నీళ్ళ మీద పెట్టినట్టుంది. అందరూ ఓడని చూస్తుంటే మా ఆయన ఓడ కింద ఉన్న నీళ్ళనే చూశాడు. అతను పుట్టింది ఇక్కడే, ఈ ఫ్యాక్టరీ ఊళ్ళో, గోల్‌మురిలోనే. మాది సిక్కోలు జిల్లా, సముద్రం పక్క అని చెప్పుకుంటాడు గాని సముద్రం చూడలేదు, చూసిన పెద్ద నీళ్ళు సువర్ణరేఖ నదే, అదీ మాంగో వంతెన మీద ఆగి, వానాకాలంలో. తరవాత మళ్ళీ వచ్చినప్పుడు సోమేశ్వరరావు గారు ఈ లాంచీ సంగతి చెప్పారు. అక్కడ ఒక పూట చిన్న లాంచీలో దీవులు దాటి లోతు నీళ్ళలోకి తీసుకెళ్తారట, ఆ రోజుల్లో తిమింగలాలు పైకి వస్తాయట, కనిపిస్తాయని ఎవరూ మాటివ్వరట, ముందుగా పేర్లు పంపితేనే లాంచీ మాట్లాడి ఉంచుతారట. చెప్పి, ఆడవాళ్ళం ఉన్నామని గొంతు తగ్గించి, "లాంచీ బాగా ఊగుతుందమ్మా. గుండె జబ్బున్నవాళ్ళూ, ఒట్టి మనుషులు కానివాళ్ళూ ఎక్కకపోవడం మంచిది" అన్నారు. ఒట్టి మనుషులు అన్నప్పుడు ఆయన ఎవరి వైపూ చూడలేదు. అయినా నా చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయింది, మళ్ళీ తీసేశాను.

ఈ ఉండ బాగా కుదిరింది. పొడీ తడీ సరిగ్గా కలిస్తే అరచేతిలో తిరగడానికి అదే తిరుగుతుంది. ఓడ దాకా నేను నాలో నేనే ఒకటి కుదుర్చుకున్నాను. ఓడ అంటే ఊరంత ఉంటుంది, అందులో ఉన్నవాళ్ళకి నీళ్ళ మీద ఉన్నట్టే తెలియదంటారు, కింద బంకులో పడుకుని వెళ్ళి, పడుకుని వచ్చేస్తాను, తిరిగొచ్చాక చెప్తాను, అప్పటికి మూడో నెల కూడా గట్టెక్కుతుంది. అలా అనుకున్నాక ఒక పని చేశాను. ఆ పని ఏ ఆడదీ చేసి ఉండదు, చేశానని చెప్పినా నమ్మరు. పోయిన నెల నాకు రాలేదు, వచ్చినట్టు మూల కూర్చున్నాను. వెనక వరండాలో, బొగ్గుల డబ్బా పక్కన, నా చాప, నా కంచం, నా చెంబు. అత్త వండింది, అత్త ఎత్తి పోసింది, ఆవిడ మోకాళ్ళ నొప్పితో వంగి నా కంచంలో అన్నం జారవిడుస్తుంటే తల ఎత్తలేకపోయాను. ఆఖరి రోజు తలంటి పోసుకుని లోపలికి వచ్చాను. ఏమీ జరగని దానికి తలంటు. రానిదాన్ని వచ్చిందని చెప్పడం కడుపులో ఉన్నదానికి దోషమేమో అని అప్పుడు తోచలేదు, మర్నాడు పొద్దున్న అత్త పోపు వేస్తే ఇక్కడి ఆవనూనె వాసనకి కడుపు తిప్పినప్పుడు తోచింది. పోయినసారీ అంతే, ముందు ఆవనూనెతోనే మొదలైంది.

పోయినసారి. వద్దనుకున్నా అక్కడికే వెళ్తుంది మనసు, వాలుగా ఉన్న చోటికి నీళ్ళు వెళ్ళినట్టు. కడుపుతో ఉన్నదాని మొగుడు నీళ్ళ మీద ప్రయాణం చెయ్యకూడదు, శవాన్ని మొయ్యకూడదు, మా వైపు పుట్టిన పిల్లకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. అసిరయ్య మావ కామెర్లొచ్చి పోయాడు. మా ఆయన పనిలో చేరిన కొత్తలో పక్కన నిలబెట్టుకుని పని నేర్పిన మనిషి, పిల్లల్లేరు, ఇక్కడ చుట్టాల్లేరు. అందరూ డ్యూటీల్లో ఉన్న వేళ. పాడె దగ్గర ముగ్గురే ఉన్నారు. నాలుగో భుజం లేదు. మా ఆయన వాకిట్లో నిలబడి ఒకసారి ఇటు, మా తలుపు వైపు చూశాడు. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను, నాకు నాలుగో నెల, నేను తల ఊపానో లేదో నాకే తెలియదు, అతను వెళ్ళి భుజం పెట్టాడు. ఎక్కువ రోజులు కాలేదు, కడుపు పోయింది. ఆస్పత్రి వరండాలో, నర్సు ఇంకా తలుపు వెయ్యకుండానే, అత్త తల బాదుకుంది, "కడుపుతో ఉన్నదాని మొగుడు పాడె మొయ్యకూడదని సెప్పేను కాదేట్రా, నోరు నొప్పెట్టీలాగ సెప్పేను కాదేటి!" అని. ఆ మాట మళ్ళీ ఎన్నడూ అనలేదు ఆవిడ, దుఃఖంలో వచ్చింది, పోయింది. కాని అతను అప్పుడు గోడకి ఆనుకుని నిలబడ్డ తీరు పోలేదు. కుడి భుజం కొంచెం కిందికి దించి నిలబడ్డాడు, ఇంకా దాని మీద ఏదో ఉన్నట్టు. ఇప్పటికీ అలాగే నడుస్తాడు, చూసేవాళ్ళు ఫ్యాక్టరీలో బరువులు మోసీ మోసీ అనుకుంటారు. నీ వల్ల కాదు అని నేను ఒక్కసారి చెప్పి ఉంటే సరిపోయేదేమో. చెప్పలేదు. నేను ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు, అది ఒకటి. రెండోది, అతని వల్ల కాదని నాకు ఖాయంగా తెలియదు.

"ఏటే పద్మా, మీ ఆయన రాయింసినాడా నేదా?" పక్కింటి సింహాచలమ్మ గోడ మీదికి గడ్డం ఆనించి నిలబడింది. ఆవిడకి ఎండా లేదు, వంటా లేదు, ఎప్పుడూ ఆ గోడ మీదే ఉంటుంది. నేను చేతులు చూపించి నవ్వాను, ఆ నవ్వే జవాబు అనుకునేలా. "మాయాయన రాయించీసినాడు, ఇద్దరికీని. నాను సెప్పేను, ఆ సేప మనల్ని మింగీత్తే ఎల్లైసీ వోడు పైసలిత్తాడో నేదో ముందు కనుక్కోయ్యా అని." గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటున్న అత్త చేట ఆపకుండానే, "నిన్ను మింగితే ఆ సేపకే అరగదు. బీమా దానికి కట్టాల" అంది. సింహాచలమ్మ పడీ పడీ నవ్వింది. "మరి నువ్వెల్లవేటి దాలమ్మొదినా?" అని అత్తని అడిగింది. "నాకేటికమ్మా, రైలెక్కితేనే తల తిరిగిపోద్ది. ఆళ్ళిద్దరూ ఎల్లొత్తారు. ఎల్లొచ్చినాకైనా మా ఇంట్లో ఉయ్యాల కట్టే యోగం ఉందేమో సూడాల. పోయిన్నెలా మూల కూకుంది." చివరి మాట ఆవిడ చెప్పింది వాన పడలేదని చెప్పినట్టు, కోపం లేదు, నింద లేదు. నేను పీట మీద ఉండల వరస సరిచేశాను. వంకర లేకుండా పెట్టిన వరసనే మళ్ళీ సరిచేశాను. ఉయ్యాల అన్న మాట విన్నాక పొత్తికడుపులో ఏదో కదిలినట్టనిపించింది, ఇంత తొందరగా కదలదు, తెలుసు, గాలి అయి ఉంటుంది.

అసలు ఈ తిమింగలం పిచ్చి అతనికి అంటించింది నేనే. బారువ దగ్గర మా పల్లె, ఊరి బళ్ళో ఎనిమిది దాకా చదివాను, అయిదులో ఉన్నప్పుడు అనుకుంటాను, ఒక పొద్దున్న మా ఒడ్డుకి తిమింగలం కొట్టుకొచ్చింది. పంతులు గారు బడి వదిలేశారు. ముందు ఎవరూ దగ్గరికి పోలేదు, అది చచ్చిందనుకున్నారు, అంతలో బుస్సుమని ఊపిరి వదిలింది, ఒడ్డున ఉన్న కుక్కలన్నీ పరిగెత్తాయి. ఎండెక్కిన కొద్దీ దాని వీపు మీద నీటి మెరుపు పోయి తోలు బిగుసుకుపోవడం కనిపిస్తోంది. ఎవరు మొదలుపెట్టారో, ఒక ముసలమ్మ బిందెతో సముద్రం నీళ్ళు తెచ్చి పసుపు కలిపి దాని మీద పోసింది, గంగమ్మ బిడ్డ, దాహంగా ఉంటాది అంది. ఇంక ఆడవాళ్ళందరూ మొదలుపెట్టారు. నేనూ చెంబుతో పోశాను. ఊరు ఊరంతా బిందెలతో నీళ్ళు మోసింది, పోస్తుంటేనే ఆరిపోతోంది, పోటు వచ్చినప్పుడు మగవాళ్ళు మోకులు కట్టి నీళ్ళలోకి లాగబోయారు, మోకు తెగింది, ఇద్దరు వెల్లకిలా పడ్డారు, ఎవరూ నవ్వలేదు. నేను పోసిన వైపు దాని కన్ను ఉంది. అంత ఒంటికి అంత చిన్న కన్ను, ఆవు కన్నంత కూడా ఉండదేమో. అది చూస్తోంది. మేము చేస్తున్న పని చాలదని దానికి తెలిసినట్టుంది, అయినా చేస్తున్నందుకు ఏమీ అనుకోనట్టుంది. మర్నాటికి ఊపిరి లేదు. ఊపిరి లేదని తెలిశాక కూడా ఆడవాళ్ళు కాసేపు నీళ్ళు పోశారు, ముంచి తెచ్చిన బిందెని వెనక్కి పారబొయ్యలేక.

ఆస్పత్రి నుంచి వచ్చాక మా ఆయన మాట్లాడటం మానేశాడు. డ్యూటీ, తిండి, నిద్ర. అమ్మతో రెండు మాటలు, నాతో ఒకటి. ఒక సాయంత్రం పొయ్యి దగ్గర ఎందుకో నోరు జారి ఈ తిమింగలం సంగతి చెప్పాను, గోడకి చెప్పినట్టు. అతను తినడం ఆపాడు. "అరే, ఇత్నా బడా? మన రోలింగు షెడ్డంత?" అన్నాడు. అంత కాదన్నాను. మర్నాడు మళ్ళీ అడిగాడు. నీళ్ళు పోత్తే ఏటి సేసింది, కన్ను మూసిందా, తోక ఆడించిందా, అరిచిందా. నాకు గుర్తున్నదంతా అయిపోయాక గుర్తులేనివి కూడా చెప్పాను. అలా మా ఇంట్లోకి మళ్ళీ మాట వచ్చింది. ఓడ బొమ్మ చూసిన రోజు రాత్రి కంచం దగ్గర అన్నాడు, "నువ్వు సూసింది సచ్చిపోతున్నదాన్ని. నాను బతికున్నదాన్ని సూత్తాను. నీళ్ళలో ఉన్నదాన్ని." అంత స్థిరంగా ఒకటి కావాలని అతను అడగడం నేను పెళ్ళయ్యాక వినలేదు. జీతం పెరగాలని అనలేదు, స్కూటరు అనలేదు, మళ్ళీ బిడ్డ అని కూడా అనలేదు.

ఇప్పుడు నేను చెప్పాలి. ఉండలు అయిపోవచ్చాయి, పళ్ళెంలో అడుగున కాస్త పొడి ఉంది, దీనితో ఎన్ని ఉండలైతే అంతసేపే. నెల తప్పిందని చెప్తే ఓడ కూడా ఎక్కడు, లాంచీ మాట ఇంక ఎత్తడు, ఇంట్లోనే ఉంటాడు, ఎవరి ఇంట చావు జరిగినా అటు వీధి తొక్కడు, నా వైపు భయంగా చూస్తూ రోజులు దింపుతాడు, అప్పుడు బిడ్డ నిలబడితే చూశావా నువ్వు జాగ్రత్తగా ఉన్నావు గనక అంటారు, అంటే పోయినసారి నీ వల్లే అన్నట్టే. నిలబడకపోతే. నిలబడకపోతే అన్న దాన్ని నేను పూర్తిగా తలుచుకోను. చెప్పకుండా ఇద్దరం లాంచీ ఎక్కితే, అది ఊగితే, నాకేమైనా అయితే, ఆ నీళ్ళ మధ్య అతను మళ్ళీ భుజం వాల్చి నిలబడతాడు, ఈసారి ఇంక లేవడు. అతనొక్కడే ఎక్కితే. ఇక్కడ నాకు ఆశ. అతను నీళ్ళ మీదికి వెళ్ళి, బతికున్న తిమింగలాన్ని చూసి, తిరిగొచ్చి, బిడ్డ కూడా నిలబడితే, అప్పుడు చెప్తాను, ఇదిగో, నువ్వు నీళ్ళు దాటావు, ఏం కాలేదు, భుజం పెట్టినందుకూ ఏం కాలేదు, అది వేరే ఏదో, దానికి నువ్వు కాదు అని. నేను చెప్పలేని మాట ఆ బిడ్డ చెప్తుంది. అయితే అతనికి తెలియకుండా అతని నియమం తప్పించడం నా చేతుల్లో ఉన్న పనేనా, నియమం నిజమైతే బిడ్డని పణంగా పెట్టినట్టు కాదా, అబద్ధమైతే ఇన్నాళ్ళూ అతన్ని అలా నడవనిచ్చినట్టు కాదా, ఎటు తిప్పినా ఒక కొస నా చేతికే గుచ్చుకుంటోంది. బళ్ళో పంతులు గారు మూఢనమ్మకాలు అని బోర్డు మీద రాసి కింద గీత గీసేవారు. ఆయన భార్య కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఆయనా వాగు దాటి మా బడికి రాలేదు, వేరే పంతుల్ని పంపించారు. ఎవరిని అడగాలి నేను.

"అమ్మీ, ఆడికి బేగి అన్నం ఎట్టు, సాక్చి ఎల్లాల" అంది అత్త. ఉండలు ఎండలోకి జరిపి, చేతులు కడుక్కున్నాను. సబ్బు రాసినా గోళ్ళ చుట్టూ నలుపు ఉండిపోయింది. అన్నం, పప్పు, బెండకాయ వేపుడు. వేపుడు వాసనకి ఊపిరి బిగపట్టి వడ్డించాను. అతను పీట మీద కూర్చున్నాడు, అత్త విసనకర్రతో గుమ్మానికి ఆనుకుంది. కొన్నాళ్ళుగా నేను అతని ముఖం కేసి చూడటం లేదు, చూస్తే ఎక్కడ దొరికిపోతానో అని, చేతుల్నే చూస్తున్నాను. చెయ్యి అన్నం కలిపింది. కలిపి ఆగింది.

"ఏటి మరి? రాయించీనా ఇద్దరికీ?"

"నీకొక్కడికే రాయించు మావా. నాకు లాంచీ పడదు."

"పడదేటి?"

"నీళ్ళంటే భయం."

చెయ్యి కదల్లేదు. "నీకా," అన్నాడు. "తెప్పల మీద తిరిగినదానివి, నీకా నీళ్ళంటే భయం?" నేను పప్పు గిన్నె దగ్గరికి జరిపాను. "సిన్నప్పుడు నేదు. ఇప్పుడు ఉంది" అన్నాను. అతను ఇంకా మెల్లగా, "ఇంకేటైనా సెప్పాలా నాకు?" అన్నాడు. ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. అత్త విసనకర్ర ఆపకుండానే, "పోనీరా, ఆడకూతురు, భయమే మరి. నువ్వెల్లి సూసొచ్చి దానికి సెప్పు. ముందా గెడ్డం గీసుకో. ఆ తిమింగలం నిన్ను సూసి ఏ జోగోడో అనుకుని బిచ్చమేత్తది" అంది.

"బ్లేడు అయిపోయిందమ్మా" అన్నాడు.

బ్లేడు అయిపోలేదు. నిన్ననే అద్దం గూడు తుడుస్తూ చూశాను, కొత్త పొట్లం, చుట్టిన కాగితం విప్పలేదు. అప్పుడు తల ఎత్తి ముఖం చూశాను. గెడ్డం ఒకటి రెండు రోజులది కాదు, బుగ్గల మీదికి పాకింది, చెవుల పక్క జుట్టు కూడా కత్తెర చూడలేదు. బి షిఫ్టు వారాల్లో రోజూ గీసుకునే మనిషి. కడుపుతో ఉన్నదాని మొగుడు కత్తి తగలనివ్వకూడదు, మా అత్తే పెట్టిన నియమం, పోయినసారి ఆ నాలుగు నెలలూ ఇలాగే పెంచాడు, ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు మంగలి దగ్గరికి వెళ్ళి నున్నటి ముఖంతో తిరిగొచ్చాడు, అప్పుడు ఆ నున్నటి ముఖం చూసి నేను మొదటిసారి గట్టిగా ఏడ్చాను. అతనికి తెలుసు. ఎన్నాళ్ళుగా తెలుసో. మూల కూర్చున్న రోజుల్లో వెనక తీగ మీద నా గుడ్డలు ఆరలేదు, రాత్రిళ్ళు అతని సైకిలు ఆ తీగ కిందే ఉంటుంది, అత్తకి మోకాళ్ళ నొప్పి, పెరట్లోకి దిగదు, అతను దిగుతాడు. తెలిసి, ఎవరితో అనకుండా, పెంచుకుంటున్నాడు. తెలిసి, పొద్దున్న కుళాయి దగ్గరికి వచ్చి ఇద్దరికీ రాయించీనా అని అడిగాడు, వద్దు మావా, నాకిలా ఉంది అని నేను అంటానని. ఇప్పుడు మళ్ళీ అడిగాడు. ఇంకేటైనా సెప్పాలా అని కూడా అడిగాడు. నేను నీళ్ళంటే భయం అన్నాను. ఎందుకు దాచానని అనుకుంటాడు, పాడె మోసినవాడికి ఈ సంగతి చెప్పకూడదని దాచిందనే అనుకుంటాడు, ఇంకేం అనుకుంటాడు.

పెరుగు వద్దన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. సాక్చి వెళ్ళాలంటే ఇప్పుడే సైకిలు తియ్యాలి. తియ్యలేదు. ముందు గదిలో మంచం మీద వాలి, చెయ్యి నుదుటి మీద పెట్టుకుని, కప్పు కేసి చూస్తూ ఉండిపోయాడు. "ఏట్రా, ఎల్లవా?" అంది అత్త. "డ్యూటీకి టైముందిలే" అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు, పోనీ, కాసేపు పడుకోనీ అనుకుని గుమ్మంలోనే కొంగు పరుచుకుని పడుకుంది. ఆవిడ అవతల అతను, ఇవతల నేను. ఆవిడని దాటి వెళ్ళొచ్చు, అడుగు వేస్తే ఆ గది. వెళ్ళి చెప్పొచ్చు, మావా, అది కాదు, నిన్ను నీళ్ళ మీదికి పంపాలనే, నీకు ఏమీ అంటదని చూపించాలనే. గిన్నెలు ముందేసుకుని బూడిదతో తోముతున్నాను. మనసులో ఆ మాటలు బాగానే ఉన్నాయి, బయటికి తెస్తే ఎలా ఉంటాయో తెలియడం లేదు. నాకు తెలుసు నీ వల్ల కాదని, అని మొదలుపెట్టాలి, అది నిజం కాదు, నాకు తెలియదు. అతని దగ్గర ఇంకో అబద్ధంతో మొదలుపెట్టలేను. నిజంతో మొదలుపెడితే ఆ భుజం ఏమైపోతుంది. అన్నం గిన్నె అడుగు మాడింది, రుద్దుతున్నాను, మాడు ఎప్పుడో పోయింది, రుద్దుతున్నాను. సాక్చికి వెళ్ళి వచ్చే టైము అలా అలా జరిగిపోతోంది, మంచం కిర్రుమంటుందేమోనని చెవి అటే ఉంది, కిర్రుమనలేదు. సంఘం గదిలో సోమేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఇంకెవరైనా ఉన్నారా అని అడుగుతూ ఉంటారు. తరవాత తలుపు వేసేస్తారు.

భోంపూ కూసింది. మంచం కిర్రుమంది. చొక్కా దులిపిన చప్పుడు, బూటు ఒకటి, బూటు రెండు. గిన్నె వదిలేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ లేచాను, అత్త నిద్రలో ఉంది, ఆవిడ కాళ్ళ మీంచి దాటకూడదని వాటిని పక్కకి జరిపి దారి చేసుకునేసరికి అతను సైకిలు గుమ్మం దింపుతున్నాడు. ఈ గుమ్మం దిగుతూ వత్తానమ్మా అనని రోజు లేదు, తల్లి నిద్రపోతున్నా గాల్లోకి అంటాడు. ఈ వేళ అనలేదు. నా వైపు చూడలేదు, చూడకుండా ఉండటానికి ప్రయత్నం కూడా చెయ్యలేదు. నా గొంతులోకి పిలుపు వచ్చింది, మావా అని, వచ్చి అక్కడే ఆగిపోయింది, గడప దాటిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. తలుపు పట్టుకుని నిలబడ్డాను. అతను సైకిలు ఎక్కకుండా, పక్కన నడిపించుకుంటూ, లైను పొడుగునా మెల్లగా వెళ్ళాడు. మలుపు దగ్గర ఆగాడు. కొంచెం ఎక్కువసేపే ఆగాడు. తరవాత సీటెక్కి గేటు వైపు తిరిగిపోయాడు.